మా నూతి చుట్టూ పోసిన మట్టి

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుకట్ట పక్కన మా ఊరు. ఊరికి పడమటి వైపు గడ్డి మిల్లు ఉండేది. వరిగడ్డితో కాగితం చేసే మిల్లు అని పట్నం వాళ్ళకు చెప్పాలి గానీ మాకది గడ్డి మిల్లే. కోతలయ్యాక బళ్ళ మీద, ట్రాక్టర్ల మీద మోపులు మోపులుగా గడ్డి వచ్చేది. దాన్ని సున్నం, సోడా వేసి పెద్ద పెద్ద బాయిలర్లలో ఉడకబెట్టేవారు. ఉడికింది గుజ్జయి, అవతల కాగితమయ్యేది. ఉడికిన నీళ్ళు నల్లగా మురుక్కాలవలోకి పోయేవి. అడుగున మిగిలిన సున్నం మడ్డిని మిల్లు వెనక గుంటల్లో పోసేవారు. ఆ గుంటల గట్టు మీద గరిక కూడా మొలిచేది కాదు.

మా ఆయన ఆ బాయిలరు దగ్గర ఇరవై ఏళ్ళు పని చేశాడు. మిల్లు కుళాయి కిందే స్నానం చేసి, వేరే పంచె కట్టుకుని ఇంటికొచ్చేవాడు. పనిబట్టలు మా దండెం మీద ఆరేయనిచ్చేవాడు కాదు. మిగతా పనివాళ్ళు చెత్తకాగితం, గోనెలు, తాళ్ళు, ఏది దొరికితే అది చంకలో పెట్టుకుని వచ్చేవారు. మా ఆయన ఉత్త చేతులతో వచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"పొయ్యి రాజేసుకోడానికి నాలుగు కాగితాలు తెస్తే నీ సొమ్మేం పోద్దయ్యా? అందరిళ్ళలో పిడకలు మిగులుతున్నయ్" అనేదాన్ని.

"ఆ మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకోవాల్సింది జీతం ఒక్కటేనే" అనేవాడు.

నా సంగతి వేరు. మూడో తరగతితో నా బడి అయిపోయింది, కానీ పొదుపు నాకెవరూ నేర్పక్కర్లేదు. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేదాన్ని. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, కూర తొక్కలు గేదెకి, చిరిగిన చీర దిండు గలీబుకి. మా ఇంట్లో ఊరికే పోయింది ఏదీ లేదు. ఊరికే వచ్చిందాన్ని వద్దనడం నాకు చేతకాదు. అదే నన్ను ముంచింది.

ముందు మా నుయ్యి గురించి చెప్పాలి. సముద్రం దగ్గర్లో ఉండబట్టి మా వైపు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. మా బజారులో ఐదు నూతులుంటే నాలుగు గిన్నెలు కడుక్కోడానికే పనికొచ్చేవి. మాదొక్కటి తియ్యనీళ్ళ నుయ్యి. పెళ్ళయిన మరుసటి ఏడు వేసంగిలో మా ఆయనే దిగి తవ్వాడు. నేను పైనుంచి తట్టలతో మట్టి చేదాను. మట్టి ఒరలు ఒక్కొక్కటే దింపి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాడు. తొలిసారి ఊట పడ్డప్పుడు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, కిందనుంచే "ఓసేయ్, కొబ్బరినీళ్ళే" అని అరిచాడు. తరవాత సగం బజారు మా గిలక మీదే బతికింది. ఎవర్నీ వద్దనలేదు. చేద కింద పడేస్తే మాత్రం నా నోరు ఊరుకునేది కాదు.

ఎనభైల నడిమిలో మిల్లు మూతబడింది. గేట్లకు తాళాలు పడ్డాయి. నాలుగైదేళ్ళు అలాగే పాడుబడి ఉంది. ఆ తరవాత పెద్ద గాలివానొచ్చి రేకులన్నీ లేచిపోయాయి. వెనక గోడ కూలి, గుంటల్లో మడ్డి వరదనీళ్ళతో కాలవలో కలిసింది. చేపలు తెల్లగా తేలి, రేవు దగ్గర కొట్టుకొచ్చాయి. అప్పటికి గానీ పైవాళ్ళు కళ్ళు తెరవలేదు. మిల్లు పడగొట్టాలి, గుంటల్లో మడ్డీ, దాని కింద చెడిన మట్టీ తవ్వి, ఊళ్ళకు దూరంగా నిజాంపట్నం వైపు చవుడు నేలల్లో గొయ్యి తీసి పూడ్చాలి అని హుకుం వచ్చింది. కాంట్రాక్టరు దిగాడు. ఏ గొట్టంలో ఏముందో, ఏ తొట్టి తెరిస్తే ఏమవుతుందో చెప్పడానికి పాత మనిషి కావాలని మా ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు.

ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన మిల్లును తన చేత్తో చూపించి పడగొట్టించడం ఆయనకెలా ఉండేదో నేను అడగలేదు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని దగ్గేవాడు. "ఇవాళ మూడో బాయిలరు దించేశారు" అనేవాడు, చుట్టాల్లో ఎవరో పోయారని చెప్పినట్టు.

మిల్లు కూలుతుంటే ఊరి వాళ్ళంతా అటే పరుగెత్తారు. ఇటుకలు, దూలాలు, రేకులు, ఎవరికి అందింది వాళ్ళు. మా ఆయన గడపగడపకూ తిరిగి చెప్పాడు. "ఇటుకలు తెచ్చుకోండి, కడుక్కోండి. డ్రమ్ములొద్దు. మట్టి అసలొద్దు. ఒక్క తట్ట కూడా తేవద్దు."

మా ఎదురింట్లో పరుపులు కుట్టే సాయిబు ఉండేవాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. ఆయన భార్య నన్ను అక్కా అనేది. వాళ్ళ తాగునీళ్ళు కూడా మా నూతివే. ఒకరోజు ఆయన పెద్ద నీలం డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. మా ఆయన అప్పుడే పని దిగి వస్తున్నాడు.

"ఏంటయ్యా అది?"

"డ్రమ్మన్నా. ఎంత గట్టిగా ఉందో చూడు. నీళ్ళు పట్టుకుంటే వారం చూసుకోనక్కర్లేదు."

"దాంట్లో ఏం పోశారో తెలుసా నీకు?"

"ఏం పోస్తే ఏంటన్నా, తోమిస్తాగా. చింతపండేసి తోముద్ది మీ మరదలు."

"మా మరదల్ని ఆ చింతపండు చారులో వేసుకోమను. నడువు, పారేసొద్దాం."

"నువ్వొద్దన్నయ్యన్నీ పారేస్తే నా కొంప నిండేదెప్పుడన్నా?"

"నీ కొంప నిండా దూదేగా. ఇంక ఖాళీ ఎక్కడుంది?"

బజారంతా నవ్వారు. సాయిబూ నవ్వాడు. ఇద్దరూ కలిసి దాన్ని దొర్లించుకుపోయారు. ఇంకెవరూ వాడకుండా మా ఆయన గునపంతో దాని అడుగు పొడిచి వచ్చాడు. ఆ మాటలన్నీ నేను మా అరుగు మీద నుంచి విన్నాను. అందుకే నాకు తెలీదు అని చెప్పుకోడానికి లేదు.

మా దొడ్డి పల్లం. వానాకాలమొస్తే బజారు నీళ్ళన్నీ మా దొడ్లోకే. నూతి చప్టా చుట్టూ మోకాలి లోతు నిలిచేవి. ఏటా ఆయన మెరక తోలిద్దాం అనేవాడు, ఏటా నేను డబ్బు దండగ అని ఆపేదాన్ని. పల్లంలో మట్టి పోయించి ఎత్తు చేసుకోవడమే మెరక. మా డెల్టాలో ఇల్లున్న ప్రతివాడికీ ఉండే బాధ అది.

అలాంటి రోజుల్లో బాపట్లలో మా అమ్మాయికి జ్వరమని కబురొచ్చింది. గేదె ఈనడానికి ఉండి నేను కదల్లేకపోయాను. ఆయన వెళ్ళి నాలుగు రోజులున్నాడు.

రెండో రోజు పొద్దున మట్టి ట్రాక్టరు ఒకటి మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు మంచినీళ్ళు అడిగాడు. చేది పోశాను. తాగి, మా దొడ్డి వంక చూశాడు.

"పల్లంగా ఉంది కదమ్మా. మట్టి కావాలా? ఊరికే పోస్తాం."

"మిల్లు మట్టేగా?"

"మిల్లుదే గానీ గుంటలది కాదమ్మా. గోడ కింద మట్టి. చూడు, ఎంత పొడిగా ఉందో. అంత దూరం తోలుకుపోవాలంటే మా డీజిలంతా దానికే."

చేత్తో తీసి నలిపాను. బూడిదరంగులో పొడిపొడిగా రాలింది. వాసన చూశాను. చాకిరేవు వాసన కొంచెం తగిలింది. సోడాయేగా, రెండు వానలకు కొట్టుకుపోద్ది అనుకున్నాను. అగ్గిపుల్ల చీల్చే బుద్ధి అంతకన్నా దూరం పోలేదు. ఎన్నేళ్ళుగానో వాయిదా వేసిన మెరక ఊరికే వస్తోంది. ఆయన లేడు. ఉంటే వద్దంటాడు.

"పొయ్యి" అన్నాను.

రెండు రోజుల్లో ఆరు ట్రక్కులు పోశారు. సగం నూతి చుట్టూనే పోయించాను, పల్లం అక్కడే ఎక్కువ కాబట్టి. కూలీ పెట్టకుండా నేనే పారతో సర్దాను. పైన ఇసుక జల్లి, పేడతో అలికాను. అలుకు ఆరేసరికి అది ఎప్పటినుంచో ఉన్న నేలలాగే అయింది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎక్కడిదే మట్టి?"

"కాలవ పూడిక తీస్తన్నారుగా. ఆ మట్టే తోలించా."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఆయన వంగి, అలుకు పెచ్చు వేలితో లేపి, కింద మట్టి చూశాడు. మళ్ళీ ఆ పెచ్చు అక్కడే పెట్టి అదిమాడు. "కాళ్ళకి నీళ్ళియ్యి" అన్నాడు. అంతే.

తొలకరి బాగానే కురిసింది. దొడ్లో చుక్క నీళ్ళు నిలవలేదు. ఎంత మంచిపని చేశానా అనుకుని మురిసిపోయాను. ఆ నీళ్ళన్నీ ఎటు ఇంకిపోతున్నాయో ఆలోచించలేదు.

శ్రావణం వచ్చేసరికి అన్నం పసుపుపచ్చగా రావడం మొదలైంది. వార్చిన గంజి కూడా పచ్చగానే ఉంది. కొట్టువాడు పాత బియ్యం అంటగట్టాడని వెళ్ళి నాలుగు దులిపి వచ్చాను. "అమ్మా, అవే బియ్యం మా ఇంట్లోనూ వండుకుంటున్నామండి, మల్లెపూవులా ఉంటున్నయ్" అని అతను మొత్తుకున్నా వినలేదు. నీళ్ళు చేత్తో పట్టుకుంటే జారుడుగా ఉన్నాయి. వాన నీళ్ళు కలిశాయి, అంతే అనుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున అప్పుడే చేదిన నీళ్ళతో పసుపు కలిపి గడపకి రాస్తున్నాను. రాసినమేరా ఎర్రబడుతోంది. ముందు వెలుతురనుకున్నాను. కళ్ళు తుడుచుకుని చూశాను. గడప పొడుగునా ఎరుపు. పసుపులో సున్నం కలిస్తేనే ఆ రంగు వస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మేము కలుపుకునేది అలాగే. ఏది కలిస్తే ఏమవుతుందో మూడో తరగతితో ఆగిపోయిన దానికి కూడా తెలుసు. నేను సున్నం కలపలేదు. నుయ్యే కలిపింది.

గిన్నె పక్కన పెట్టి గడప మీదే కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే సాయిబు భార్య రెండు బిందెలతో వచ్చింది. ఆమె కొడుకుకు కూతురు పుట్టి ఆరు నెలలు. "రాత్రంతా పడుకోనీలేదక్కా మా గుంటపిల్ల. పాలపొడి అయిపోవచ్చింది, నీళ్ళు కాచి కలపాలి" అంటూ చేద వేసింది. గిలక కిర్రుమంది. ఆగమనాలి. ఆగమంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే ఎవరు పోయించారంటుంది. సాయంత్రం ఆయనొచ్చాక ఆయనతోనే ముందు చెబుదామనుకున్నాను. ఆమె రెండు బిందెలూ నింపుకుని, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని పోయింది. నేను చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఆయనకు గడప చూపించాను. వంగి ఆ ఎరుపు మీద వేలు పెట్టి చూశాడు. నూతి దగ్గరికి పోయి చేంతాడు విప్పి, గిలక ఊడదీసి అటక మీద పెట్టాడు. "నుయ్యి బాగుచేయిస్తున్నాం, వారం దాకా ఎవరూ చేదొద్దు" అని బజారులో చెప్పి వచ్చాడు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

ఆదివారానికి ఎదురింటి పసిదానికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. నాలికంతా పొక్కింది. తెనాలి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పది రోజులున్నారు. పిల్ల దక్కింది. ఎండిపోయిన తమలపాకులా అయిపోయి ఇంటికొచ్చింది గానీ దక్కింది. డాక్టరు ఏ నీళ్ళు తాగుతారని అడిగాడట. ఆ మాట ఎటుపోయి ఎవరికి చేరిందో, ఒకరోజు జీపులో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. గిలక లేని నూతిలోకి తాడుతో సీసాలు దించి నీళ్ళు పట్టారు. గడ్డపారతో దొడ్డి తవ్వించారు. అలుకు కింద ఇసుక, ఇసుక కింద బూడిదరంగు. బజారంతా మా దొడ్లోనే ఉంది.

"ఇది మిల్లు మట్టి. ఇక్కడికెలా వచ్చింది? ఎవరు పోయించారు?" అని పెద్ద ఆఫీసరు అడిగాడు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిచానో లేదో నాకే తెలీదు. మా ఆయన నా వైపు చూడలేదు.

"నేనే పోయించానండి. ఊరెళ్తూ ట్రాక్టరు వాళ్ళకు పురమాయించి పోయాను" అన్నాడు.

"మీరు ఆ మిల్లులో పనిచేసిన మనిషి కదండీ. మీకు తెలీదా?"

"తెలుసండి. ఊరికే వస్తోంది కదాని ఆశపడ్డానండి."

నా మాట. నా నోట్లో ఉన్న మాటను అలాగే తీసి తన నోట పెట్టుకున్నాడు.

సాయిబు ముందుకొచ్చాడు. ఆ మనిషి కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "నా డ్రమ్ము పారేయించావు గదన్నా. గునపంతో పొడిచావు గదన్నా. ఊళ్ళో అందరికీ నీతులు చెప్పి, నీ ఇంట్లో మాత్రం ఆరు ట్రక్కులు దింపుకున్నావా? ఆ గుంటపిల్ల పోయుంటే నీకేమయ్యేది?"

మా ఆయన తల దించుకున్నాడు.

ఆ మర్నాటినుంచి ఆయన్ని కాంట్రాక్టరు పనిలోకి రానీలేదు. ఆయనే పార తీసుకుని దొడ్డంతా తవ్వాడు. నేను తట్టలెత్తాను. పెళ్ళైన కొత్తలో ఆ నుయ్యి తవ్విందీ మేమిద్దరమే. తవ్వుతూ మధ్యలో ఆగి దగ్గేవాడు. ట్రాక్టరొచ్చి ఆ మట్టినంతా ఎత్తుకుపోయింది. నూతి నీళ్ళు మాత్రం బాగుపడలేదు. మోటారు పెట్టి మూడుసార్లు తోడించారు. మరుసటి వానలకీ పసుపు ఎర్రబడుతూనే ఉంది. చివరికి నుయ్యి పూడ్చెయ్యమన్నారు. కాలవ ఇసుక తెచ్చి పోశారు. పై ఒర మూసుకుపోతున్నప్పుడు ఆయన అరుగు మీద నుంచి లేచి లోపలికి పోయాడు.

బజారు చివర పంచాయతీ కుళాయి వేశారు. పొద్దున ఒక గంట వచ్చేది. ఆ వరసలో బిందెతో నిలబడితే ఎవరో ఒకరు అనేవారు. "పెద్దాయన పుణ్యమే గదా ఇదంతా." "పైకి ధర్మరాజే, ఊరికే వస్తే చాలు." అందరూ నా ముఖం మీదే అనేవారు. నా మీద జాలి చూపించేవారు కూడా, పాపం ఈవిడేం చేసిందని. బియ్యంలో రాయి వస్తే కొట్టు మీదికి యుద్ధానికి పోయేదాన్ని, బిందె నిండేదాకా కుళాయి ధార వంక చూస్తూ నిలబడేదాన్ని.

ఒక్కసారి అడిగాను. ఆయన మంచం మీద కూర్చుని పీట కాలు చెక్కుతున్నాడు.

"ఏమయ్యా, ఎందుకు నీ మీదేసుకున్నావు?"

చెక్కడం ఆపలేదు. "నేను పొద్దున కూలికి పోతే సాయంత్రమొస్తా. ఆ కుళాయి కాడ నిలబడాల్సింది నువ్వు గదే."

"అది మిల్లు మట్టని నీకెప్పుడు తెలిసింది?"

"అలుకు లేపినప్పుడే. పూడికమట్టికి ఆ రంగెక్కడిది?" కత్తి పక్కన పెట్టాడు. "ఆ రోజే తీయించాల్సింది. నువ్వు అబద్ధమాడావని ఒప్పుకోవడానికి మనసు రాలా. తప్పు నాదీ ఉందిలే."

నన్నొక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. అందర్నీ తిట్టే దాన్ని, తిట్టు ఎలా పడాలో నాకు తెలుసు. ఇది ఎలా పడాలో తెలీలేదు.

రెండేళ్ళకు ఆయన పోయాడు. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. తెనాలి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. స్నానానికి నీళ్ళు కావాలి. కుళాయి కట్టేసే వేళయింది. సాయిబు ఎవరూ అడక్కుండానే నాలుగు బిందెలు పట్టి, తనే మోసుకొచ్చి మా వాకిట్లో దించాడు. నుదుటి చెమట తుడుచుకుని, ఆయన ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు.

"మంచోడు వదినా మా అన్న. ఆ ఒక్క తప్పూ చేశాడు గానీ" అన్నాడు.

నేను తలూపాను.

ఆ తలూపడం గురించే ఇదంతా రాస్తున్నాను. నుయ్యి పూడిపోయింది, మిల్లు స్థలంలో ఇప్పుడు తుమ్మచెట్లు లేచాయి. ఆయన మాత్రం ఈ బజారులో ఇంకా ఊరికే వస్తే ఆశపడ్డ మనిషిగానే ఉన్నాడు. నోటితో చెబుదామని ఎదురింటి గుమ్మం దాకా ఎన్నిసార్లు పోయానో. పోయి, నాలుగు పచ్చిమిరపకాయలు అడిగి తిరిగొచ్చేదాన్ని. నోరు నన్ను మోసం చేస్తుందని తెలిసి కాగితం తీశాను. ఇది కొట్లో కొన్న కాగితం. ఆ మిల్లు కాగితం ఒక్క ముక్క కూడా ఆయన ఈ ఇంట్లోకి రానివ్వలేదు.

ఎదురింటి గుంటపిల్లకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. పొట్లం కట్టిన కాగితం దొరికినా గట్టిగా చదివేస్తుంది. సాయంత్రాలు వాళ్ళ తాత అరుగు మీద దూది ఏకుతుంటే పక్కనే కూర్చుని పాఠాలు అప్పజెబుతుంది. రేపు పోయి ఈ కాగితాలు ఆ పిల్ల చేతికే ఇస్తాను. తాతకు వినపడేట్టు గట్టిగా చదవమంటాను. మట్టి పోయించింది నేను, మీ అన్న కాదు, అన్న చోట నత్తి కొడితే, మళ్ళీ మొదట్నించి చదవమంటాను.